ఏలినవారి నిమజ్జనం

ఒకానొక రాజ్యానికి రాజధాని రత్నగిరి. ఆ మహానగరంలో పంచాంగం చూసుకునే పని లేదు, ముక్కుంటే చాలు. వీధిలో వేపపూత, కొత్తబెల్లం వాసన వస్తే ఉగాది. బెల్లమన్నం వాసన వస్తే బోనాలు. ఉండ్రాళ్ళ ఆవిరి తగిలితే వినాయక చవితి, నువ్వుల సద్ది ఘుమఘుమలాడితే బతుకమ్మ. దర్గాలో ఉర్సు జరిగినా, తోటల్లో జాతర జరిగినా ముందు విస్తరి నాదే. ఆ ఆస్థానంలో విదూషకుణ్ణి నేనే మరి. పేరు గరుడాచలం. నా బుద్ధి సంగతి ఎవరూ చెప్పరు గానీ, బొజ్జ సంగతి నగరమంతా ఎరుగును.

ఒకనాడు మహారాజు వీరకంఠీరవులవారికి సరదా పుట్టింది.

“ఏడాది పొడవునా ఎవరెవరికో ఉత్సవాలు! ఏలేవాణ్ణి, నాకు లేదేం? ఇకమీదట మిగతావన్నీ రద్దు. వీధి వీధినా నా మట్టి విగ్రహం నిలబెట్టి తొమ్మిది రోజులు పూజలు చెయ్యాలి. ఏర్పాట్లు నీవే, గరుడాచలం!”

సభంతా భళీ అంది. నా గుండె జారి పొట్టలో పడింది. పూలవాళ్ళూ, డప్పులవాళ్ళూ ఏమైపోతారోనని బాధపడ్డానంటే గొప్పగా ఉంటుంది. నిజం చెప్పొద్దూ, నాకు ముందు గుర్తొచ్చింది ఉండ్రాళ్ళే.

వారం తిరక్కుండా ఏర్పాట్లు చదివి వినిపించాను.

“మొదటిరోజు ప్రతిష్ఠ, ప్రభూ. రోజూ హారతి. తొమ్మిదోనాడు మేళతాళాలతో ఊరేగించి, పెద్దచెరువులో ఏలినవారి నిమజ్జనం.”

రాజుగారు నిటారుగా కూర్చున్నారు. “నన్ను ముంచుతారా?”

“ఊరి ఆచారం, ప్రభూ. వినాయకుడైనా, దుర్గమ్మైనా, బతుకమ్మైనా నీళ్ళలోకి సాగనంపాల్సిందే. గజ ఈతగాళ్ళను మాట్లాడాను. ఒకవేళ ఏలినవారు తేలితే, భుజాలమీదెక్కి తొక్కుతామన్నారు.”

“వీల్లేదు! నా విగ్రహాలు ఏడాదంతా వీధుల్లోనే ఉంటాయి!”

“చిత్తం. కానీ ఒక్క మనవి. జనం వినాయకుడికోసం అంతలా ఎదురుచూసేది ఆయన వెళ్ళిపోతాడు గనక. కదలని చుట్టం ఎంత గొప్పవాడైనా... మా బావమరిది ఇంట్లో నాలుగోనాడు నాకు జరిగిన మర్యాద విన్నవించమంటారా?”

తల మెడమీదే ఉందో లేదోనని నేను తడుముకున్నాను. అంతలో రాజుగారు పకపకా నవ్వారు.

“గెలిచావయ్యా! పండగలన్నీ యథాప్రకారం జరగనీ. ఇకనుంచి ప్రతి ఉత్సవంలోనూ నీకు గంగాళం నిండా ప్రసాదం! అయితే, ఇరవై ఏళ్ళుగా ఒక్కరోజు మానకుండా సభకొస్తున్నావే, నీకోసమూ మేం ఎదురుచూడొద్దూ? పదకొండు రోజులు ఇంటిపట్టున ఉండు!”

పొంగిపోతూ వెళ్ళాను. సభ నాకోసం ఎంత బెంగ పెట్టుకుందోననుకుంటూ పన్నెండోనాడు పొద్దున్నే కోటకు పరుగెత్తాను.

ద్వారపాలకుడు నమస్కారం పెట్టి, “రాజుగారు మీకు పదకొండు రోజులు సెలవిచ్చారటగా సామీ, ఎప్పట్నుంచి?” అన్నాడు.