ఒళ్ళో కంప్యూటరు, సంచిలో చెల్లెలు

తెలివి తమ ఇంట్లోనే పుట్టి, తమ పెరట్లోనే ఆడుకుంటోందని తోటవలస అన్నదమ్ములు పోలినాయుడు, గవరయ్యల నమ్మకం. చెల్లెలు సంపెంగిదీ ఆ ఇంటి తెలివే. వంతెనలు కట్టే పనిమీద ఊరూరా తిరిగే భాస్కరం ఫొటో చూసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల కళ్ళలో వెన్నెల కాస్తోంది. అతనేమో పెళ్ళిచూపులు కంప్యూటర్లోనే అన్నాడు. ఇంకేముంది, అన్నదమ్ములు పట్నంలో కంప్యూటర్ల కొట్టుకి పరిగెత్తారు.

"డెస్క్‌టాప్‌కి తెర వేరు, పెట్టె వేరు, బోలెడు తీగలు. బల్లమీద పెడితే ఇక కదలదు. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లో అన్నీ ఒకదాంట్లోనే, బ్యాటరీతో సహా. ఒళ్ళో పెట్టుకోవచ్చు, మడిచి సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. కాకపోతే పసిబిడ్డలా చూసుకోవాలి" అన్నాడు కొట్టాయన.

అంతే! పోలినాయుడు ల్యాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకుని మరి లేవలేదు. అతన్ని కొట్టాయన కుర్చీతో సహా ఆటో ఎక్కించారు. ఇంటికొచ్చాక గవరయ్యే ముద్దలు కలిపి అన్న నోట్లో పెట్టాడు.

కాసేపటికి తెర నల్లబడింది.

"నిద్రపోయిందిరా!"

"హుష్! మెల్లిగా, అన్నా!"

అంతే, దిష్టిచుక్క పెట్టారు, సాంబ్రాణి పొగ వేశారు, చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టారు.

సాయంత్రం సంపెంగి పూలు ముడుచుకుని వచ్చింది. "అన్నయ్యా, లేపండి దాన్ని! ఆయన పిలిచే వేళయింది."

"పడుకున్న బిడ్డని లేపకూడదే!"

ఆమె ఊరుకుంటుందా? మీట నొక్కింది. తెర వెలిగింది, వెంటనే గణగణా మోగింది.

"ఏడిపించావు కదే!" అని అన్నలు ఉయ్యాల ఊపేశారు. సంపెంగి ఎలాగో ఇంకో మీట నొక్కింది. తెరమీద భాస్కరం!

"ఏమండీ, భూకంపమా? ఇల్లు ఊగుతోంది!"

ఎక్కడ సంబంధం తప్పిపోతుందోనని సంపెంగి భయం. అతనికి కనబడాలని ఉయ్యాల ఎటు ఊగితే అటు పరిగెత్తింది, జడ ఎగరేసుకుంటూ. భాస్కరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఈ అమ్మాయినే చేసుకుంటా!"

పోలినాయుడు గొంతు సవరించుకున్నాడు. "మా చెల్లెల్ని డెస్క్‌టాప్‌లా మూల కూర్చోబెడితే ఊరుకోం."

"అయ్యో, లేదు బావగారూ! ల్యాప్‌టాప్‌లా ఎక్కడికెళ్తే అక్కడికి తీసుకెళ్తా."

పెళ్ళయిపోయింది. తీరా అప్పగింతలప్పుడు పెళ్ళికూతురు లేదు! భాస్కరం ఇల్లంతా వెతికి పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ అన్నలిద్దరూ చెమటలు కక్కుతూ గోనెసంచి పట్టుకుని, "ఇంకాస్త ముడుచుకో తల్లీ, మడత సరిగ్గా పడలేదు" అంటున్నారు.

సంచిలోంచి సంపెంగి తల బయటపెట్టింది. మొగుణ్ణి చూసి సిగ్గుతో కళ్ళు దించుకుంది.

"ఏమండీ, ఇలా సంచిలోనే వచ్చెయ్యనా, బస్సులో ఒళ్ళో పెట్టుకుంటారా?"