పడగొట్టే గోడకు కూలి

అనగనగా, కొండలు ఇంకా చిన్నపిల్లలుగా ఉన్న రోజుల్లో, రాతిపేట అని ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో కట్టడాలకు అంతు లేదు. ఒక మేడ లేస్తుంటే ఇంకో మేడకు పునాది తవ్వుతుండేవారు. తెల్లవారితే చాలు, ఏదో ఒక వీధిలో ఉలి టంగు టంగుమని పాడుతుండేది.

ఆ ఊళ్లో చుక్కి అనే పిల్ల ఉండేది. బడి చదువు ఆ ఏడే ముగిసింది. చుక్కికి ఒకటే పిచ్చి. పాత కోట వాకిట్లో ఒక రాతి కమాను ఉంది. దాని కింద నిలబడి, తల పైకెత్తి, అలా చూస్తూ ఉండిపోయేది. కింద ఆసరా లేదు, పైన పట్టుకున్నవాళ్లూ లేరు. అంతంత రాళ్లు గాలిలో ఎలా నిలిచాయి? పావురాలు ఏ భయమూ లేకుండా ఆ సందుల్లోనే గూళ్లు పెట్టుకున్నాయే! వాటికి తెలిసిన రహస్యం తనకెందుకు తెలియదు?

"మెడ పట్టేస్తుందే" అనేవాడు అన్న గంగులు.

"పట్టనీ అన్నా. ఆ రాళ్లు ఎందుకు పడవో చెప్పు."

"పడితే అప్పుడు చూద్దాం. పడనిదాని గొడవ మనకెందుకు?"

గంగులు మంచివాడే. గుత్తేదారు దగ్గర మట్టి గంపలు మోస్తాడు. సాయంత్రానికి అలసిపోయి వస్తాడు. అలసినవాడికి ఆకాశం వైపు చూసే ఓపిక ఎక్కడిది?

రాతిపేటలో ఒక ఆచారం ఉంది. తొలకరికి ముందు, బడి ముగిసిన పిల్లలందరూ రాళ్ల మైదానంలో వరసగా నిలబడతారు. కట్టుబడి చేయించే పెద్దలు వస్తారు. నచ్చినవాళ్ల ముంజేతికి నూలుదారం కడతారు. కట్టారంటే, మళ్లీ తొలకరి దాకా వాళ్ల దగ్గరే పని. అయితే దారం కట్టేదాకా కూలెంతని గాని, ఏం నేర్పుతారని గాని అడగకూడదు. అడిగితే ఆ చేతికి పని అంటదని ఊరి నమ్మకం. అలా అడిగిన పిల్లలకు ఎవరూ దారం కట్టరు. ఏడాదంతా ఇంట్లో కూర్చోవలసిందే.

"నోరు మూసుకుని చెయ్యి చాపు, చాలు" అని గంగులు దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. "ఈ ఏడు నీకు పని దొరక్కపోతే అమ్మ కుంగిపోతుంది."

చుక్కి తలూపింది. కాని లోపల ప్రశ్నలు పిచ్చుకల్లా కిచకిచమంటున్నాయి.

ముందుగా గుత్తేదారు వీరభద్రుడు వచ్చాడు. నూలుదారం తీశాడు. చుక్కి చెయ్యి చాపబోయింది. చాపబోయి, వెనక్కి తీసుకుంది.

"అయ్యా, మొదట్లో కూలెంత ఇస్తారు?"

వరసలోని పిల్లలంతా ఇటు తిరిగి చూశారు. గంగులు తల పట్టుకున్నాడు. వీరభద్రుడు మాత్రం నవ్వాడు. గొప్ప చెప్పుకునే అవకాశం ఆయన ఎప్పుడూ వదలడు.

"సాయంత్రమయ్యేసరికి ఒక వెండికాసు! నాకంటే ఎక్కువిచ్చేవాడు ఈ పట్నంలో ఉన్నాడా?"

"మరి ఏం నేర్పుతారు?"

"గంప ఎత్తడం, గంప దించడం. దానికి మళ్లీ గురువెందుకే?"

"వచ్చే ఏడు కూలెంత?"

"అదే వెండికాసు. వచ్చే ఏటికి గంపేమైనా ఈనుతుందా?"

అందరూ పగలబడి నవ్వారు. చుక్కి నవ్వలేదు. పక్కకు తిరిగి మెల్లగా అడిగింది.

"అన్నా, నువ్వు చేరిన రోజు నీకెంతిచ్చారు?"

"కాసు."

"ఇప్పుడో?"

గంగులు నేలకేసి చూస్తూ కాలితో ఒక గులకరాయిని అటూ ఇటూ దొర్లించాడు.

వీరభద్రుడు దారం చుట్టేసుకుని ముందుకు సాగాడు. తర్వాత శిల్పాచార్యుడు పరమేష్ఠి వచ్చాడు. పట్టుపంచె, నుదుట గంధం. వెనకాల ఒక శిష్యుడు గొడుగు పడుతున్నాడు, ఇంకొకడు విసనకర్ర విసురుతున్నాడు.

"స్వామీ, మొదట్లో కూలెంత ఇస్తారు?"

"కూలా!" ఆచార్యుడు చెవులు మూసుకున్నాడు. "నేనిచ్చేది విద్య. విద్యకు నువ్వే నాకు ఇచ్చుకోవాలి."

"మరి నేనేం తినాలి స్వామీ?"

"ఆకలి బుద్ధిని పదును పెడుతుంది."

చుక్కి గొడుగు పట్టినవాడి వైపు తిరిగింది. "అన్నా, నువ్వు కమాను కట్టావా?"

వాడు గురువుగారి వీపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "కట్టడమా? దగ్గరికి కూడా వెళ్లలేదు చెల్లీ. ఈ గొడుగును మాత్రం ఎండ ఎటు తిరిగితే అటు తిప్పగలను."

ఆచార్యుడికి వినిపించనే వినిపించింది. "అధిక ప్రసంగి!" అని చర్రున వెళ్లిపోయాడు. ఆయన వెనకే గొడుగు, దాని వెనకే విసనకర్ర.

ఇంకా మిగిలింది ఒక్కరే. మైదానం చివర, సున్నం నూరే గానుగ పక్కన, సిద్ధవ్వ అనే ముసలి మేస్త్రీ కూర్చుని ఉంది. ఆవిడ దగ్గరికి పిల్లలెవరూ కోరి పోరు. ఆవిడకు మతి చెడిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఎందుకంటే పగలంతా పిల్లలచేత గోడ కట్టించి, సాయంత్రం తన చేత్తోనే పడగొట్టేస్తుందట!

చుక్కి వెళ్లి ఆవిడ ముందు నిలబడింది. ఈవిడ కూడా కాదంటే ఏడాది పోయినట్టే. అమ్మ ముఖం కళ్ల ముందు మెదిలింది. అడక్కుండా చెయ్యి చాపేస్తే? కాని తెలియకుండా ఎలా చాపడం?

"అవ్వా, మొదట్లో కూలెంత ఇస్తావు?"

సిద్ధవ్వ కళ్లు చిన్నవి చేసి చూసింది. "అరకాసు. మధ్యాహ్నం సంకటి. కూర ఉంటే కూర, లేకపోతే ఉల్లిపాయ."

"నువ్వు గోడలు పడగొడతావట గదా?"

"అవును, పడగొడతాను."

"మరి పడగొట్టే గోడకు కూలెందుకిస్తావు అవ్వా?"

అవ్వ బోసినోటితో నవ్వింది. "గోడకిస్తున్నానా పిల్లా? నీ చేతికిస్తున్నాను. గోడ పడిపోయినా నేర్చిన పని నీ చేతిలోనే ఉంటుంది గదా. నేర్చుకునేవాళ్లకు ఆకలి వెయ్యదా ఏంటి?"

"నేర్చాక?"

"నేను తోసినా నీ గోడ పడని రోజున కాసు. నువ్వు కమాను నిలబెట్టిన రోజున నీ కూలీ నా కూలీ ఒక్కటే."

"దానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"అది మాత్రం నాకు తెలీదు. నీ చెయ్యి ఎలాంటిదో నేనింకా చూడలేదు గదా."

మిగతా అందరూ తెలుసన్నట్టే మాట్లాడారు. తెలీదని చెప్పిన మొదటి మనిషి ఈవిడే. చుక్కి చెయ్యి చాపింది.

"ఆచారం తప్పిన పిల్ల అది!" అని ఎవరో అరిచారు.

"తప్పితే తప్పింది. నాకు అడిగే పిల్లే కావాలి" అంటూ అవ్వ దారం కట్టేసింది.

మర్నాడు చుక్కి మోకాలెత్తు గోడ కట్టింది. సాయంత్రం అవ్వ వచ్చి అరచేత్తో తోసింది. ఇటుకలు బొలబొలా రాలాయి. చుక్కి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ ఒక ఇటుక తీసి చేతికిచ్చింది.

"ఏమైందో చూడు."

చుక్కి తిప్పి తిప్పి చూసింది. ఇటుకకు అంటాల్సిన సున్నం పొడిపొడిగా ఉంది. "దాహంగా ఉన్న ఇటుక తడంతా తాగేసిందా అవ్వా?"

"ఆఁ. ముందు దానికి నీళ్లు తాగించు."

ఈసారి ఇటుకలను తొట్టిలో నానబెట్టి కట్టింది. అవ్వ తోసింది. గోడ నడిమికి నిట్టనిలువునా చీలింది. ఇటుకల అతుకులన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చాయని చుక్కి తనే కనిపెట్టింది. పడిన ప్రతిసారీ అరకాసు చేతిలో పడింది. ఒక్క తిట్టు కూడా పడలేదు.

మూడోసారి అతుకు మీద నిండు ఇటుక వచ్చేలా పేర్చింది. అవ్వ తోసింది. భుజం పెట్టి తోసింది. ఆఖరికి కాలితో తన్ని, "అమ్మో నా వేలు!" అని కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ నవ్వలేక చచ్చారు. చుక్కి చేతిలో నిండు కాసు పడింది.

ఇంతలో వానలు కురిశాయి, వెలిశాయి. ఎండలు ముదిరాయి. రాజు కోట తూర్పు వాకిట కొత్త కమాను కట్టమన్నాడు. వీరభద్రుడి దగ్గర గంపలు మోసేవాళ్లు బోలెడు మంది ఉన్నారు, కమాను తెలిసినవాళ్లు లేరు. పరమేష్ఠి శ్లోకాలు చదివాడు గాని శిష్యుల్లో ఒక్కడూ తాపీ పట్టలేడు. చివరికి పని సిద్ధవ్వ దగ్గరికి వచ్చింది, కాని ముసలితనంతో ఆవిడ చేతులకు వణుకు వచ్చింది. "నేను చెబుతాను, నువ్వు పేర్చు" అంది చుక్కితో.

చెక్కచట్రం నిలబెట్టి, దాని మీద అటొక రాయి, ఇటొక రాయి పేర్చుకుంటూ వచ్చింది చుక్కి. నడిమి రాయి దించింది. సున్నం ఆరనిచ్చింది. చట్రం తీసే రోజున ఊరంతా వచ్చింది. రాజూ వచ్చాడు. చట్రం కింది మేకులు ఒక్కొక్కటే ఊడదీశారు. చట్రం జారింది. రాళ్లు కిర్రుమన్నాయి.

కమాను నిలిచింది.

రాజు కిందికి వచ్చి, తల పైకెత్తి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. "ఇవి ఎందుకు పడవమ్మా?"

"అన్నిటికీ పడాలనే ఉంటుంది మహారాజా. కాని ప్రతి రాయీ పక్కదాని మీదికే ఒరుగుతుంది. ఒకదాన్నొకటి పడనివ్వవు."

"నీకేం కావాలి?"

"కూలి అవ్వ ఇస్తుంది. దారం కట్టకముందే ఎవరైనా ఏమైనా అడగవచ్చని చాటింపు వేయించండి చాలు."

రాజు సరేనన్నాడు. డప్పు మోగింది. రాళ్ల మైదానంలో మళ్లీ పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆ వరసలో, అందరికంటే మూరెడు ఎత్తుగా, మీసాలున్నవాడొకడు నిలబడి ఉన్నాడు. గంగులు!

"ఏరా, కాసు వదిలేసి అరకాసుకు వస్తావా?" అంది సిద్ధవ్వ.

గంగులు చెయ్యి చాపలేదు. గొంతు సవరించుకున్నాడు. చెవులదాకా ఎర్రబడింది ముఖం.

"ముందు నన్ను అడగనియ్యి అవ్వా" అన్నాడు. "ఏం నేర్పుతావు?"

నీతి: పనిలో చేరేటప్పుడు ఏమిస్తారో, ఏం నేర్పుతారో అడగడం తప్పు కాదు, కడుపు నింపుతూ నేర్పేవారి దగ్గర తక్కువతో మొదలుపెట్టినా, మనిషి ఎదుగుతాడు.