పేరంటాలు పొయ్యి మీద ఏముంది?

దగ్గరికి జరగండర్రా. ఒరే, ఆ దుప్పటి చెల్లికి కూడా కప్పు. అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో రెండేళ్ళు వరసగా వాన లేదు. ఆ ఊరి కోడలు పేరంటాలు. మొగుడు తాటిచెట్టు మీంచి జారిపడి మంచాన ఉన్నాడు. ముసలి అత్త, ఇద్దరు పిల్లలు. ఇంట్లో గింజ లేదు.

రాజుగారు మంచివాడే. తిండి లేని ఇంటికి ఊరి గాదెలోంచి నెలకో బస్తా జొన్నలు ఇమ్మని ఎప్పుడో చెప్పాడు. చెప్పాడు గానీ, ఎవర్ని అడగాలో పేరంటాలుకి చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఆ గాదె ఏమైనా తాళంచెవి పెట్టుకున్న కరణం తాతల సొమ్మా? మంచి రోజుల్లో ఊరంతా తలా కాస్త పోసి నింపిందే కదా.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

పేరంటాలు కరణం దగ్గరికెళ్ళింది. మునసబు ముద్ర తెమ్మన్నాడు. మునసబు దగ్గరికెళ్ళింది. తలారి వచ్చి ఇల్లు చూడాలన్నాడు. తలారి దగ్గరికెళ్ళింది. కరణం చీటీ రాస్తేగానీ కదలనన్నాడు. మళ్ళీ కరణం, మళ్ళీ మునసబు, మళ్ళీ తలారి. అలా తిరిగి తిరిగి కాళ్ళరిగిపోయాయి తల్లికి. ఇంట్లో పిల్లలు ఏడ్చే ఓపిక కూడా లేక పడుకున్నారు. చెప్తుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

ఆఖరికి ఎలాగో తలారి వచ్చాడు. వీధి చివరే నిలబడి చూస్తే పేరంటాలు ఇంటి కప్పు మీంచి పొగ వస్తోంది. వండుకుంటున్నారుగా, వీళ్ళకి జొన్నలెందుకని అట్నుంచి అటే పోయాడు. లోపలికొచ్చి కుండ మూత తీసి చూస్తే వాడి సొమ్మేం పోయిందర్రా?

ఆ కుండలో ఉన్నవి ఒట్టి నీళ్ళమ్మా. పొయ్యి వెలగకపోతే ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని అత్తగారు రోజూ నీళ్ళు కాయించేది. పరువు కోసం. ఆ పరువే నోటి దగ్గర కూడు తీసేసింది.

ఆ సంగతి తెలిసి పేరంటాలు ఊరుకోలేదు. మా ఇంట్లో వంట అవుతోందని తమరే తేల్చారు కదా, వచ్చి ఎంగిలిపడండని ముగ్గుర్నీ పిలిచింది. వచ్చారమ్మా, సిగ్గు లేకుండా ముగ్గురూ వచ్చారు. వీధి అరుగు మీద, ఊరంతా చూస్తుండగా ఆకులేసి కూర్చోబెట్టింది. కుండ తెచ్చి కరణం ఆకులో గరిటెడు నీళ్ళు, మునసబు ఆకులో గరిటెడు నీళ్ళు, తలారి ఆకులో గరిటెడు నీళ్ళు పోసింది. అవి జారి వాళ్ళ పంచెల్లోకి పారాయి. మా పిల్లలు రోజూ తినేది ఇదే, మారు వడ్డించమంటారా అనడిగింది.

అప్పుడు ఎదురింటి గవరమ్మ తల దించుకుని, "మా పొయ్యి మీదా అవే నీళ్ళు" అంది. ఆ పక్కింటావిడ కూడా మా ఇంట్లోనూ అంతేనంది. అలా ఏడిళ్ళు బయటపడ్డాయి. ఇన్నాళ్ళూ ఒకరికి తెలీకుండా ఒకరు నీళ్ళు కాచుకుంటున్నారు.

ఇక చూడండి, ఊరు ఊరంతా గాదె దగ్గరికి నడిచింది. ఈ సంగతి రాజుగారి చెవిన పడితే ఎలా అని కరణం భయపడి గబగబా తాళం తీశాడు. పేరంటాలు ఇంటికి జొన్నలబస్తా ఆ తలారే మోసుకొచ్చాడు. ఆ పూట ఆ కుండలోనే సంకటి ఉడికింది. పిల్లలు కడుపునిండా తిన్నారు, మంచంలో ఉన్న మొగుడూ తిన్నాడు, అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ తింది. ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో గాదెవాళ్ళే ఇంటింటికీ వచ్చి, కుండ మూత తీసి చూసి మరీ ఇచ్చేవారు.

ఆకలేస్తోందని చెప్పుకోడానికి సిగ్గెందుకర్రా? తాళంచెవి మొలలో దోపుకుని జనాన్ని తన చుట్టూ తిప్పించుకునేవాడికి ఉండాలి సిగ్గు. సరే, కథ కంచి బండెక్కింది. మనం కళ్ళు మూసుకుందాం.