మనీప్లాంటు పూయడం మానేసిన కథ

ఒకప్పుడు మనీప్లాంటు పూసేది. నవ్వకండి, పూసేదంటే పూసేది! అప్పుడు దానికి ఈ పేరూ లేదు, సీసాల్లో బతుకూ లేదు. కొండ మీద అడవిలో చెట్లకు అల్లుకుని ఉండేది. అందరూ అడవితీగ అనేవారు. వానలు మొదలవగానే తెల్లటి పువ్వులు విరగబూసి, కొండంతా ఒకటే వాసన.

ఆ కొండ కింద గూడెంలో సుక్రి అనే తల్లి, బుద్రి అనే కూతురు ఉండేవాళ్ళు. తీగ పూసిందంటే చాలు, బుద్రి పొద్దున్నే కొండెక్కేది. ఒక్క పువ్వూ కోసేది కాదు. "కోస్తే దానికి నొప్పమ్మా" అనేది. పూల కింద కూర్చుని, కళ్ళారా చూసి వచ్చేది.

ఆ ఏడు బుద్రికి జ్వరం పట్టుకుంది. ఎన్ని ఆకులు నూరి పోసినా తగ్గలేదు. కాళ్ళు పడిపోయాయి. "అమ్మా, తీగ పూసిందా?" ఎప్పుడూ ఇదే మాట. బిడ్డ ఇక దక్కదని ఆమెకు తెలిసిపోయింది. ఈ ఒక్క కోరికైనా తీర్చాలనుకుని కొండెక్కింది.

తీగ నిండా మొగ్గలు!

"తల్లీ, నా బిడ్డ నడవలేదు. నువ్వే మా ఇంటికి రావా?"

"బుద్రి కోసమా? ఎందుకు రాను!" అంది తీగ. "అది నా పువ్వు చూసేదాకా ప్రాణం విడవను. మాటిస్తున్నా. కానీ సుక్రీ, వేళ్ళకున్న మట్టి మాత్రం దులపకు."

అక్కడే వచ్చింది చిక్కు. కొండ మట్టి గూడెంలోకి రాకూడదని వాళ్ళ కట్టుబాటు. తెస్తే కొండదేవరకు కోపం వస్తుందట. అడవికెళ్ళిన వాళ్ళెవరైనా వాగులో కాళ్ళు కడుక్కున్నాకే ఇంటికి రావాలి.

సుక్రి తీగను వేళ్ళతో సహా తవ్వి తెచ్చి, వాగు దగ్గర కూర్చుని దాని వేళ్ళు కడగసాగింది.

"ఒక్క పిడికెడు ఉండనియ్యవే!" అని మట్టి బతిమాలింది. "నేను లేకపోయినా అది బతుకుతుందేమో గానీ, పూయదే!"

"ఊరుకో! దేవర కోపం నా బిడ్డకు తగిలితే?" అంది సుక్రి. ఇసుమంత కూడా మిగలకుండా కడిగేసింది.

ఆనపబుర్రలో నీళ్ళు పోసి, తీగను అందులో ఉంచి, బుద్రి తల దగ్గర పెట్టింది. మర్నాటికే మొగ్గలన్నీ రాలిపోయాయి.

"పూసిందా అమ్మా?"

"రేపు పూస్తుందిలే, నా తల్లి."

పాపం, తీగ ఎన్ని తంటాలు పడిందో! మొగ్గ వేయబోతే ఆకే వచ్చేది. మళ్ళీ వేయబోతే మళ్ళీ ఆకే. అలా ఆకులేస్తూ పాక చూరుదాకా పాకింది. బుద్రి ఆ ఆకుల్ని నిమిరి, "తొందరేం లేదులే" అని తీగకే ధైర్యం చెప్పేది. పిచ్చిపిల్ల! తొందరంతా తనకే కదా.

ఒకరోజు పొద్దున్న బుద్రి ఏమీ అడగలేదు. "రేపు" అనబోయిన సుక్రి, వంగి బిడ్డ కళ్ళు మూసింది.

గూడెం వాళ్ళు బుద్రిని కొండ మీదే, తాను కూర్చునే చోటనే పాతిపెట్టారు. అందరూ వెళ్ళిపోయాక సుక్రి ఆనపబుర్ర పట్టుకుని అక్కడికి వచ్చింది. గుప్పెడు మట్టి తీసి తీగ ముందు పెట్టింది.

"ఇదిగో, నువ్వడిగిన మట్టి. తప్పంతా నాదే. ఇప్పుడైనా పుయ్యవే!" అని బావురుమంది.

"ఎవరు చూడాలని పూయను సుక్రీ?" అంది తీగ. "అది నా పువ్వు చూసేదాకా ప్రాణం విడవనని మాటిచ్చాను. చూడకుండానే వెళ్ళిపోయింది. ఇక నేను పూయలేను, చావనూ లేను."

అప్పటినుంచే ఆ తీగ చిన్న ముక్క తుంచి సీసాలో నీళ్ళలో పెట్టినా, మట్టి లేకుండానే బతికేస్తుంది. ఎక్కడ చూసినా ఆకులే, ఒక్క పువ్వూ ఉండదు. పొద్దున్నే లేచి చూడండి, ఆకు చివర ఒక నీటిబొట్టు వేలాడుతుంటుంది. దాన్ని తుడవకండి, దానంతటదే రాలనివ్వండి.