నక్క మాస్టారి నొప్పి పరీక్ష

వరద గోదావరి లంకంతా ముంచేసి, చివరికి ఒక్క మట్టిదిబ్బని మిగిల్చింది. దాని మీద నలుగురు చిక్కుకున్నారు. పాడిగేదె బుల్లెమ్మ, ఇసుక మోసే గాడిద, గడ్డివాముతో సహా కొట్టుకొచ్చిన కోడిపెట్ట, ఒక నక్క. ఈ నక్కని అలాంటిలాంటి నక్క అనుకునేరు! కాలేజీ వెనక తుప్పల్లో పెరిగింది. సైన్సు గది కిటికీ కింద పడుకుని పాఠాలు విన్నది. సగం విన్నది, సగం నిద్రపోయింది. ఆ రెండో సగం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. గాడిదైతే చూడగానే "మాస్టారూ" అని పిలవడం మొదలెట్టింది.

దిబ్బ మీద పెద్దరికం బుల్లెమ్మది. కొమ్ములున్నది ఆవిడకే మరి.

"వరద తీసేదాకా మనకి ఒకటే కట్టుబాటు," అంది బుల్లెమ్మ. "నొప్పి తెలిసినవాళ్ళ మీద ఎవరూ నోరు వెయ్యకూడదు. నీళ్ళ వడి తగ్గాక అందరినీ నా వీపు మీద ఒడ్డుకి చేరుస్తాను."

గేదెకీ గాడిదకీ గడ్డి ఉంది. కోడికి వాములోంచి రాలిన గింజలున్నాయి. నక్కకే ఏమీ లేదు. పాపం, దాని కడుపు నిజంగానే కాలిపోతోంది. కడుపు కాలేటప్పుడు బుర్ర మహా జోరుగా పనిచేస్తుంది.

"అత్తా, నీ కట్టుబాటు బంగారంలా ఉంది, కాదనను," అంది నక్క. "కానీ ఈ కోడికి నొప్పి తెలుసని ఎవరన్నారు?"

కోడి ఉలిక్కిపడింది. "నేనంటున్నాను బావా!"

"నువ్వంటే సరిపోతుందా అమ్మాయ్? పరీక్ష జరగాలి. కొలతకి దొరికితే ఉన్నట్టు, దొరక్కపోతే లేనట్టు. అదీ సైన్సంటే."

"అబ్బో!" అంది గాడిద.

"చూస్తే తెలియడం లేదేంటి అల్లుడూ? దీనికి పరీక్షెందుకు?" అంది బుల్లెమ్మ.

"మరి గడ్డికి నొప్పి లేదని నీకెలా తెలిసింది? ఎప్పుడైనా అడిగావా?"

బుల్లెమ్మ నెమరు ఆగిపోయింది. నోట్లో గడ్డిపరక అలాగే వేలాడుతోంది.

"చూశావా!" నక్కకి హుషారొచ్చింది. "పరీక్షలో నొప్పి దొరక్కపోతే కోడి కూడా గడ్డి కిందే లెక్క. నేను తినేస్తాను. సరేనా?"

"సరే, కానియ్. అయ్యాక నేనూ ఒక మాట అడుగుతాను," అంది బుల్లెమ్మ.

నక్క పని మాత్రం శ్రద్ధగానే చేసింది, ఆ మాట చెప్పుకోవాలి. కోడిని పట్టుకుని బరువు చూసింది, వేడి చూసింది, గుండెకి చెవి ఆనించి విన్నది. ఆపైన తోకలో ఈక ఒకటి పుటుక్కున పీకింది.

"చచ్చాను బాబోయ్!" అని అరిచింది కోడి.

"విన్నారుగా, అదొక చప్పుడు," అంది నక్క. "తుప్పు పట్టిన తలుపు కూడా కిర్రుమంటుంది. తలుపుకి నొప్పెట్టిందంటామా?"

"అనం మాస్టారూ," అంది గాడిద.

"గుండె కొట్టుకుంటోంది. నీళ్ళ మోటారూ కొట్టుకుంటుంది. ఒళ్ళు వణుకుతోంది. గాలికి ఆకూ వణుకుతుంది. ఎముకలున్నాయి, ఈకలున్నాయి. నొప్పి అనే వస్తువు మాత్రం ఎక్కడా కనపడలేదు."

"మంట పుడుతోంది బావా! నీకు కనపడకపోతే నేనేం చెయ్యను?" కోడి ఏడుస్తోంది. "లోపల నేనున్నాను!"

"రేడియో కూడా ఏడుస్తూ పాడుతుందమ్మాయ్. విప్పి చూస్తే లోపల ఎవరూ ఉండరు."

ఈ మాటకి గాడిద ముచ్చటపడిపోయింది. నక్క నోరు తెరిచింది. కోడి మెడకీ ఆ నోటికీ మధ్య బుల్లెమ్మ కొమ్ము అడ్డమొచ్చింది.

"ఆగల్లుడూ, నా మాట ఉండిపోయింది. కోడిని ఎందుకు తింటానంటావ్?"

"అదేం ప్రశ్న అత్తా? ఆకలి!"

"ఆకలా? ఏదీ, చూపించు."

నక్క కడుపు అప్పుడే గుర్రుమంది. "ఇదుగో, విను!"

"అదొక చప్పుడు. ఆకాశం పొద్దుట్నించీ ఉరుముతోంది, దానికేమన్నా ముద్ద పెట్టామా?"

"డొక్కలు చూడు అత్తా, ఎలా పొడుచుకొచ్చాయో!"

"పాత బుట్టకీ బద్దలు పొడుచుకొస్తాయి."

"నోట్లో నీళ్ళూరుతున్నాయి!"

"వానొస్తే చూరూ కారుతుంది. ఏవయ్యా గాడిదా, చూరుకి ఆకలేస్తోందంటామా?"

"అనం," అంది గాడిద. అనేసి మాస్టారి మొహం చూసి నాలిక్కరుచుకుంది.

"కొలతకి దొరకలేదుగా," అంది బుల్లెమ్మ. "ఆకలి లేనివాడికి కోడెందుకు అల్లుడూ?"

నక్కకి ఏడుపొచ్చేసింది. "నాకు తెలుస్తోందత్తా! పేగులు మెలిపెడుతున్నాయి! నేను రేడియోని కాదు, లోపల నేనున్నాను!"



"అదే కదా బావా ఇందాక నేనూ అన్నది," అంది కోడి మెల్లిగా.

నక్క తల దించుకుంది. కోడికి ఈక పోయిన చోట ఇంకా మండుతూనే ఉంది. అయినా బుల్లెమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, వాడికి నిజంగానే ఆకలేస్తోందే. అదిగో, అరటి గెల కొట్టుకొస్తోంది, కాస్త అందుకోవూ?" అంది.

బుల్లెమ్మ కొమ్ముతో గెల లాగి పడేసింది. నక్క కిక్కురుమనకుండా తిన్నది.

"మాస్టారూ, ఇంతకీ నా లోపల ఎవరైనా ఉన్నట్టా, లేనట్టా?" అని గాడిద అడిగింది. నక్క అరటిపండు నోట్లో కుక్కుకుని వినపడనట్టు నటించింది.

వడి తగ్గాక కోడీ నక్కా బుల్లెమ్మ వీపెక్కాయి. కోడీ నక్కా బుల్లెమ్మ వీపెక్కాయి. నడి ఏట్లో అల తగిలేసరికి నక్క గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"అబ్బా!" అంది బుల్లెమ్మ.

నక్క గబుక్కున గోళ్ళు ముడుచుకుంది. "నొప్పెట్టిందా అత్తా?"

"పరీక్ష చేస్తావా ఏంటి?"

"వద్దత్తా, వద్దు! నువ్వు చెప్తే చాలు," అంది నక్క.

ఒడ్డెక్కగానే బుల్లెమ్మ పచ్చగడ్డి మీదకి నోరు వంచింది. ఎందుకో ఒక్క క్షణం ఆగింది. తర్వాత తినేసిందనుకోండి, కానీ ఆ రోజు కాస్త మెల్లిగా నమిలింది.

నీతి: తన ఆకలికి సాక్ష్యం అక్కర్లేదనుకునేవాడు ఎదుటివాడి నొప్పికి సాక్ష్యం అడగకూడదు.