నాన్న సన్నాయిలో తీసేసిన ముక్కలు

సాలూరులో లారీ టైర్లకి పంక్చర్లు వేసే అన్నదమ్ములిద్దరు ఉండేవారు. పెద్దవాడు అప్పలకొండ, చిన్నవాడు దాలిబాబు. తమ ఇంట్లో ఉన్న తెలివి జిల్లా మొత్తం వెతికినా దొరకదని వాళ్ళ నమ్మకం. ఎవరేం చెప్పినా మావాళ్ళు అక్షరం పొల్లుపోకుండా అలాగే చేస్తారు, తెలివంటే అదే కదా అని తల్లి గౌరమ్మ వీధంతా చెప్పుకునేది.

వాళ్ళ నాన్న సన్యాసయ్య సన్నాయి వాయించేవాడు. ఆయన పోయాక మిగిలింది, పక్కన డోలుతో ఆయన వాయించిన ఒకే ఒక్క క్యాసెట్టు. పొద్దున్నే అది వినందే గౌరమ్మ టీ ముట్టదు. ఓరోజు టేపు నలిగి మూలగడం మొదలెట్టింది. ఆవిడ రెండ్రోజులు టీ తాగలేదు. అంతే, అన్నదమ్ములు క్యాసెట్టు పట్టుకుని రికార్డింగు కొట్టు కరీముల్లా దగ్గరికి పరుగెత్తారు.

కరీముల్లా నెమ్మదస్తుడు. టేపు సరిచేసి, పాటని రెండు రకాలుగా ఎక్కించొచ్చని చెప్పాడు. మొదటిది లాస్‌లెస్. క్యాసెట్టులో ఉన్నది ఉన్నట్టు మొత్తం వస్తుంది, కాకపోతే ఫైలు బరువు. రెండోది ఎంపీత్రీ. తేలిక, కానీ చెవి అంతగా పట్టించుకోని చప్పుళ్ళు తీసేస్తుంది. తీసేసినవి మళ్ళీ రావు.

నాన్నది ఏదీ పోకూడదు, బరువుదే ఇమ్మన్నారు. సాయంత్రానికి మోకు, తోపుడుబండి, ఇద్దరు కళాసీలతో దిగారు. కరీముల్లా బొటనవేలంత పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. దాలిబాబు దాన్ని తీసుకెళ్ళి ఎదురుగా బెల్లం కొట్టు కాటా మీద పెట్టాడు. ముల్లు కదల్లేదు. ఇంకేముంది, రోడ్డు దాటేలోపే నాన్న కారిపోయాడని ఇద్దరూ అక్కడే కూలబడి ఏడ్చారు.

కరీముల్లా వాళ్ళని ఊరుకోబెట్టి, పోనీ మీ అమ్మగారి ఫోనులోకి ఎక్కిస్తానన్నాడు. ఆ ఫోను చిన్నది. చోటు చాలదంది. కాస్త ఖాళీ చేసుకు రమ్మన్నాడు. అంతే, ఇంటికెళ్ళి మంచాలు, బీరువా, బియ్యం బస్తాలు వీధిలో పెట్టేశారు. అదీ చాలదేమోనని వంటింటి గోడ కూల్చేశారు. వాన వచ్చింది. బియ్యం నానిపోయాయి. గౌరమ్మ వీధిలో మంచం మీద గొడుగేసుకుని కూర్చుని, ఫోను ఇంకా చాలదనే అంటే, పక్కింటివాళ్ళని కూడా ఓసారి అడిగి చూడమంది.

పక్కింటివాళ్ళు ఒప్పుకోలేదు.

ఇక దారిలేక ఎంపీత్రీయే చేయించుకున్నారు. ఫోనులో పట్టేసింది. అప్పలకొండ మాత్రం కొట్లోంచి కదల్లేదు. తీసేసిన ముక్కలు మావే కాబట్టి పొట్లం కట్టివ్వమన్నాడు.

కరీముల్లాకి అప్పటికి ఓపిక అయిపోయింది. "అవెక్కడుంటాయి బాబూ, గాల్లో కలిసిపోయాయి" అన్నాడు.

అనకుండా ఉండాల్సింది. దాలిబాబు తలుపులూ కిటికీలూ మూసి, ఫ్యాను కట్టేసి కాపలా కూర్చున్నాడు. అప్పలకొండ షెడ్డుకి పరుగెత్తి లారీ ట్యూబు, చేతిపంపు తెచ్చాడు. చీకటిపడేదాకా కొట్లో గాలంతా ట్యూబులోకి కొట్టాడు. కరీముల్లా చెమటలు కక్కుతూ ఓ మూల కూర్చుని చూశాడు.

మర్నాడు పొద్దున్నే పాట పెట్టారు. గౌరమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"అంతా మీ నాన్నే" అంది. "మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకునేవాడు. అదొక్కటే వినబడటం లేదు."

దాలిబాబు ట్యూబు దొర్లించుకొచ్చి, ఆవిడ చెవి పక్కన దాని వాల్వు పిన్ను నొక్కాడు. స్‌స్‌స్ మంది.

గౌరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అదేరా" అంది. టీ అడిగింది.

ఇంకేముంది, రోజూ అన్న పాట పెట్టడం, తమ్ముడు సమయం చూసి పిన్ను నొక్కడం. పదో రోజుకి ట్యూబు మెత్తబడింది. దాలిబాబు షెడ్డులోనే గాలి కొట్టబోతే అప్పలకొండ చెయ్యి పట్టుకు ఆపాడు.

"బుద్ధుందా నీకు? ఇది లారీల గాలి. ఇందులో నాన్నెక్కడుంటాడు?"

ట్యూబు చెరోపక్క పట్టుకుని కరీముల్లా కొట్టుకి వెళ్ళారు. అప్పలకొండ మర్యాదగానే అడిగాడు.

"ఈసారి కాస్త చూసి పట్టించండి. పోయినసారి సన్నాయి గాల్లో డోలు గాలి కూడా కలిసిపోయింది."