రెండు కాపలాలకి ఒక పరీక్ష

కర్రివారి ఇంట్లో తెలివి ఎంతుందో వేమవరప్పాడులో ఎవరినైనా అడగండి. ఎవరూ చెప్పరు, నవ్వుతారు. ఆ నవ్వులు చూసి కర్రి బుల్లబ్బాయి, తమ తెలివి తలుచుకుంటేనే జనానికి సంతోషం పుట్టుకొస్తోందని మురిసిపోయేవాడు.

మురిసిపోవడానికి కారణం లేకపోలేదు. ఆ ఇంట్లో పరీక్ష పెట్టనిదే గుండుసూది కూడా వాడరు. తాతల నాటి అలవాటు. దోమతెర కొన్నారనుకోండి, ఇంటిల్లిపాదీ కూర్చుని రెండు డజన్ల దోమల్ని పట్టి తెర లోపల వదిలేవాళ్ళు. ఒక్కటీ బయటికి రాకపోతే తెర గట్టిదన్నమాట. ఆ తర్వాత అందరూ అందులో దూరి పడుకునేవాళ్ళు. కాపలాకని కుక్కని తెచ్చినప్పుడు బుల్లబ్బాయి తమ్ముడు తాతబ్బాయి మొహానికి తువ్వాలు చుట్టుకుని గోడ దూకాడు. కుక్క కరిచింది. యజమానిని పోల్చుకోలేని కుక్క మనకెందుకని ఎవరికో ఇచ్చేశారు. రెండో కుక్క తోక ఊపింది. గోడ దూకినవాణ్ణి చూసి తోక ఊపే కుక్క మనకెందుకని దాన్నీ ఇచ్చేశారు. అప్పట్నుంచీ ఇంటికి కుక్క లేదు. ఇంత పరీక్షకి నిలిచే కుక్క ఈ జిల్లాలో పుట్టలేదని మాత్రం బుల్లబ్బాయి అందరికీ చెబుతుండేవాడు.

అన్నదమ్ములకి వాళ్ళమ్మ పేరు మీద సత్తెమ్మ టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ టెంట్లు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తారు. ఏ ఊరు, ఎవరి పెళ్ళి, ఏ రోజు, ఎన్ని కుర్చీలు అన్నది పూర్వం ఒక నోటుపుస్తకంలో రాసేవాళ్ళు. దాన్ని మేక నమిలేసింది. మేక నమలలేనిదేదో చూసి కంప్యూటర్ కొన్నారు. ఫోన్ నంబర్లతో సహా అంతా ఒక లిస్టుగా అందులోకి ఎక్కించారు. అలా ఎక్కించిన రోజు నుంచీ ఏదీ బుర్రలో పెట్టుకోవడం మానేశారు. ఒకే సంగతి రెండుచోట్ల మొయ్యడం దండగ కదా.

ఆ లిస్టులో వచ్చే గురువారం దగ్గర వల్లూరి గంగరాజు గారి అమ్మాయి పెళ్ళి ఉంది. వెయ్యి కుర్చీలు. అంతవరకూ వాళ్ళు ఒకే పెళ్ళికి రెండొందలు దాటి వేసింది లేదు. ఆ పెళ్ళిలో టెంటు నిలబడిందంటే చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ తమవే. తప్పిందంటే అమ్మ పేరున్న బోర్డు దించుకోవాల్సిందే. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా బుల్లబ్బాయి లేచెళ్ళి బోర్డుని ఒకసారి తడిమి చూసుకునేవాడు.

సోమవారం పొద్దున్న కంప్యూటర్ షాపు దొరబాబు అటుగా వెళ్తూ తొంగిచూశాడు.

"యాంటీవైరస్ వేశారాండీ?" అన్నాడు.

"అంటే?"

"కంప్యూటర్లోకి దొంగలు రాకుండా కాపలా అండి. రెండు రకాలున్నాయి. ఒకటి ఉచితం. దొంగ గుమ్మంలోకొస్తే పట్టేస్తుంది, అంతవరకే. రెండోది ఏడాదికింత అని కట్టాలి. అది మీ ఉత్తరాలూ, బ్యాంకు పనులూ అన్నీ కనిపెట్టుకుని ఉంటుంది, ఏదైనా తేడా వస్తే ఫోన్ చేసి అడగొచ్చు. కావాలంటే మొదటి నెల ఊరికే వాడి చూడొచ్చు. మీకున్నది ఒక్క లిస్టే కాబట్టి నన్నడిగితే ఉచితం చాలండి."

బుల్లబ్బాయి భార్య నాగరత్నం కూర తరుగుతూ వింటోంది. "ఊరికే కాపలా కాసేవాడికి అన్నం ఎవరు పెడతారు?" అంది.

దొరబాబు ఆవిడ వంక తిరిగాడు. "అది మంచి ప్రశ్నేనండి," అన్నాడు. ఆ ఇంట్లోవాళ్ళు ఆ వారమంతా అన్న తెలివైన మాట ఆవిడ అన్న అదొక్కటే. అది తెలివైందని ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

"మనం పెట్టకపోతే దొంగే పెడతాడు వదినా," అన్నాడు తాతబ్బాయి. "అయినా జీతం ఇచ్చేవాడు మాత్రం, ఎటూ జీతం వస్తుంది కదాని నిద్రపోడా?"

వాదన ముదిరింది. తాతబ్బాయి ఊరికే వాడి పక్షం, బుల్లబ్బాయి జీతగాడి పక్షం. దొరబాబు రెండింటినీ ఎక్కించి, ఏది నచ్చితే అది ఉంచుకుని రెండోది తీసెయ్యమన్నాడు. వెళ్తూ వెళ్తూ మూడు మాటలు చెప్పాడు. తెలియనివాళ్ళు పంపినవి తెరవకండి. తెలియనివాళ్ళకి జవాబివ్వకండి. ఆ లిస్టుకి ఒక కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో వేరేగా దాచండి. బుల్లబ్బాయి ఆ మూడూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, కాపీ తీయించి పప్పుల డబ్బాలో పెట్టించాడు.

ఇక ఏది నచ్చుతుందో తేల్చడం ఎలా? పరీక్ష పెట్టాలి. పరీక్షకి దొంగ కావాలి. గోడ దూకడానికి తాతబ్బాయి సిద్ధమే కానీ కంప్యూటర్లోకి దూకే దారి తెలియలేదు. బుల్లబ్బాయి దొరబాబుకి ఫోన్ చేశాడు.

"దొరబాబూ, నీ దగ్గర మంచి వైరస్ ఒకటుంటే ఇప్పించు. సాయంత్రానికి తిరిగిచ్చేస్తాం."

దొరబాబు వేళాకోళం అనుకున్నాడు. "నా దగ్గరెందుకండీ, మీ మెయిల్లోనే బోలెడుంటాయి లెండి," అని పెట్టేశాడు.

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ మెయిల్లో వెతికారు. ఒకదాంట్లో, మీకు లాటరీలో కారు తగిలింది, ఈ కింద నొక్కండి అని ఉంది. పంపినవాడి పేరు ఎప్పుడూ విననిది.

"తెలియనివాళ్ళవి తెరవద్దన్నాడు కదా అన్నయ్యా," అన్నాడు తాతబ్బాయి.

బుల్లబ్బాయి కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ప్రియమైన మిత్రమా అని మొదలెట్టాడు రా. మిత్రుడు తెలియనివాడెలా అవుతాడు?"

నొక్కారు. అంతే, రెండు కాపలాలూ ఒకేసారి లేచి దాన్ని గుమ్మంలోనే ఆపేశాయి. ఊరికే వాడు ఆపానన్నాడు. జీతగాడు కూడా నేనే ఆపానన్నాడు. ఆ మీదట ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. పక్కనున్నవాడి మీద అనుమానంగా ఉంది, తీసెయ్యమంటారా అని వాడు, ఈ రెండోవాడితో పడదు, తీసెయ్యమంటారా అని వీడు. ఇద్దరి పోట్లాటలో కంప్యూటర్ నత్తనడక పట్టింది.

"చూశావా, ఎవడు పట్టాడో తేలలేదు," అన్నాడు బుల్లబ్బాయి. "అసలు దొంగని లోపలికి రానిస్తేనే కదా పట్టుకునే వీలుండేది. కాపలావాళ్ళు గుమ్మంలో నిలబడితే ఏ దొంగ వస్తాడు?"

"ఇద్దర్నీ కాసేపు బయటికి పంపేద్దాం. వాడొచ్చి స్థిమితపడ్డాక పిలుద్దాం. ఎవడు ముందొచ్చి పట్టుకుంటే వాడే గట్టివాడు," అన్నాడు తాతబ్బాయి.

తమ్ముడికి ఇంత బుర్ర ఉందని బుల్లబ్బాయి అప్పటిదాకా అనుకోలేదు. ఒకడు రెండోవాణ్ణి తీసెయ్యమంటారా అంటే సరే అన్నాడు. ఆ రెండోవాడు పోయేముందు మొదటివాణ్ణి తీసెయ్యమంటారా అంటే దానికీ సరే అన్నాడు. న్యాయం ఇద్దరికీ సమానంగా ఉండాలి. ఇల్లు ఖాళీ అయింది. మిత్రుడి ఉత్తరం మళ్ళీ తెరిచి నొక్కారు.

తెర మొత్తం ఎర్రబడింది. మధ్యలో పెద్ద తాళం బొమ్మ. మీ లిస్టులన్నీ మా తాళంలో ఉన్నాయి, తాళంచెవి కావాలంటే డబ్బు పంపండి అని ఇంగ్లీషులో రాసుంది. బుల్లబ్బాయి కూడబలుక్కుని చదివి చప్పట్లు కొట్టాడు.

"వచ్చాడ్రా తాతబ్బాయ్. ఇక నీవాణ్ణీ నావాణ్ణీ పిలు."

పిలవడానికి ఏది నొక్కినా తాళం బొమ్మే. గంటసేపు నొక్కారు. లిస్టు తెరుచుకోలేదు, ఏదీ తెరుచుకోలేదు.

నాగరత్నం పప్పుల డబ్బాలోంచి పెన్‌డ్రైవ్ తీసుకొచ్చింది. "ఈ కాపీకి మాత్రం పరీక్ష పెట్టొద్దా? దొంగ ఎదురుగా నిలబడి తట్టుకుంటుందో లేదో ఇప్పుడు కాకపోతే ఎప్పుడు చూస్తారు?" అంది.

సబబుగానే తోచింది. పెన్‌డ్రైవ్‌ని తీసుకెళ్ళి కంప్యూటర్‌కి గుచ్చారు. అంతే, దానికీ తాళం పడింది. కాపీ తట్టుకోలేదని తేలిపోయింది.

అప్పుడు బుల్లబ్బాయికి గురువారం గుర్తొచ్చింది. పెళ్ళి ఉందని గుర్తుంది, వెయ్యి కుర్చీలని గుర్తుంది. ఎవరి పెళ్ళో, ఏ ఊళ్ళోనో బుర్రలో లేదు, నంబరు లేదు. అమ్మ బతికుండగా వాన కురిసినా గాలి వీచినా ఒక్క పందిరి కూడా తప్పలేదు. అరుగు మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. నాగరత్నం మజ్జిగ తెచ్చిస్తే తాగలేకపోయాడు.

ఇంతలో ఫోన్ మోగింది. పేర్లన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి ఆ ఫోన్లో దొరబాబు పేరొక్కటే ఉంది. మోగుతున్నది దొరబాబు కాదు.

"తెలియని నంబరు," అన్నాడు తాతబ్బాయి.

"తెలియనివాళ్ళకి జవాబివ్వొద్దన్నాడు. కట్ చెయ్," అన్నాడు బుల్లబ్బాయి.

సోమవారం ఆరుసార్లు మోగింది. మంగళవారం పదకొండుసార్లు మోగింది. అన్నీ ఒకే తెలియని నంబరు. ఆ పెళ్ళివాళ్ళే ఒక్కసారి ఫోన్ చేస్తే ఎంత బావుణ్ణో అని ఉసూరుమంటూ బుల్లబ్బాయి ప్రతిసారీ కట్ చేస్తూనే ఉన్నాడు. గండం వచ్చినా చెప్పిన మాట తప్పకుండా నడుచుకుంటున్నందుకు లోపల్లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది.

బుధవారం పొద్దున్న గంగరాజు గారే మోటార్‌సైకిల్ వేసుకుని వచ్చేశారు.

"ఏవయ్యా, మీ ఇంట్లో ఫోన్ ఎత్తేవాళ్ళు లేరా? అమ్మాయి పెళ్ళి పెట్టుకుని నేను నీ చుట్టూ తిరగాలా?"

"తమరు మాకు తెలుసాండీ?" అన్నాడు తాతబ్బాయి వినయంగా.

"అడ్వాన్సు తీసుకున్నప్పుడు తెలిశానా?"

ఆ మాటతో బుల్లబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గంగరాజు గారు కంగుతిని, కోపం తగ్గించుకుని, చీటీ ముక్క మీద ఊరూ వీధీ రాసిచ్చారు. కొత్తలంక, రామాలయం వెనక వీధి, పొద్దున్న ఏడింటికల్లా టెంటు లేచి ఉండాలి. ఇంకా పదిళ్ళలో శుభలేఖలు ఇవ్వాలంటూ వెళ్ళిపోయారు.

ఇప్పుడీ చీటీని ఎక్కడ భద్రం చెయ్యాలి? కంప్యూటర్ పోయింది. ముగ్గురూ బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. ఆఖరికి అటక మీదున్న పాత టీవీ బుల్లబ్బాయి కంటపడింది.

"ఒరే, ఆ టీవీ కొని పద్దెనిమిదేళ్ళయింది. దానికి ఊరికే కాపలా లేదు, జీతం కాపలా లేదు. ఒక్క దొంగైనా దూరాడా?"

దూరలేదు. పద్దెనిమిదేళ్ళ పరీక్షకి నిలిచిన వస్తువు ఇంట్లో ఉంచుకుని ఎక్కడెక్కడో వెతికామే అని అందరూ నొచ్చుకున్నారు. టీవీని దించి తుడిచి అద్దం మీద సుద్దముక్కతో అక్షరం పొల్లుపోకుండా రాశారు. కొత్తలంక, రామాలయం వెనక వీధి, ఏడింటికి.

"మరి ఈ చీటీ?" అంది నాగరత్నం.

"కాపీ ఉంచుకోబట్టే కదా మొన్న రెండూ పోయాయి. పొయ్యిలో పారెయ్."

పొయ్యిలో పడేసింది. ఇక అంతా కులాసాగా కూర్చుని టీవీని చూస్తున్నారు. చూసేకొద్దీ బుల్లబ్బాయికి ఏదో వెలితిగా ఉంది. లేచాడు.

"టీవీని పరీక్షించాం. రాతని పరీక్షించలేదు," అన్నాడు.

ఇంకేముంది, తాతబ్బాయి తడిగుడ్డ తెచ్చాడు. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి గట్టిగా తుడిచాడు. అద్దం తళతళా మెరిసింది. అందులో ముగ్గురి మొహాలూ చక్కగా కనిపించాయి.

"పోతే పోయింది, రాత గట్టిది కాదని ఇప్పుడే తెలిసింది కదా. రేపు తెలిసుంటే ఎంత నష్టం," అంది నాగరత్నం. బుల్లబ్బాయికి అది కొంత ఊరట.

గురువారం తెల్లవారుజామునే వెయ్యి కుర్చీలూ, టెంటు గుడ్డలూ, గుంజలూ, అమ్మ పేరున్న బోర్డూ అద్దె లారీలోకి ఎక్కించారు. డ్రైవర్ ఎటు పోవాలని అడిగాడు.

"పెళ్ళిళ్ళు జరిగే ఊళ్ళన్నీ తిప్పు. సత్తెమ్మ టెంట్ హౌస్ అని బోర్డు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆపు. మన టెంటున్న పెళ్ళే మన పెళ్ళి," అన్నాడు బుల్లబ్బాయి. కిరాయికొచ్చినవాడు కాబట్టి డ్రైవర్ లారీ తీశాడు.

నాలుగు ఊళ్ళు తిరిగారు. మూడు పెళ్ళిళ్ళు కనిపించాయి, మూడింటికీ వేరేవాళ్ళ టెంట్లే. ఎండెక్కింది. ఎనిమిదవుతుండగా కొత్తలంక వచ్చింది.

"ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది అన్నయ్యా," అన్నాడు తాతబ్బాయి.

"అందుకే దేన్నీ బుర్రలో పెట్టుకోవద్దనేది. దారి చూడు," అన్నాడు బుల్లబ్బాయి.

రామాలయం వెనక వీధిలో మేళం వినిపిస్తోంది. వందల మంది జనం గోడల నీడన ఒదిగి నిలబడ్డారు. ముసలివాళ్ళు తలమీద తువ్వాళ్ళు వేసుకుని మెట్ల మీద కూర్చున్నారు. కూర్చోడానికి కుర్చీ లేదు, పైన గుడ్డ లేదు. పట్టుచీరలో పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తోంది. బుల్లబ్బాయి లారీలోంచి తల బయటపెట్టి బోర్డు కోసం ఆ చివర నుంచి ఈ చివరిదాకా వెతికాడు. లేదు.

లారీని చూసి పెళ్ళికూతురి మేనమామ కాబోలు, రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"తెలియనివాడు," అన్నాడు తాతబ్బాయి.

"జవాబివ్వకు. పోనివ్వు," అంటూ బుల్లబ్బాయి కిటికీ అద్దం ఎత్తేశాడు.

లారీ సాగింది. లారీ పక్క అద్దంలో వెనక్కి చూస్తుంటే ఆ ఎండలో నిలబడ్డవాళ్ళ మీద అతనికి నిజంగానే జాలేసింది. కళ్ళు తుడుచుకున్నాడు.

"పాపం రా," అన్నాడు. "వీళ్ళు కుదుర్చుకున్న టెంటువాడెవడో గానీ, పరీక్షించకుండా కుదుర్చుకున్నట్టున్నారు."